నలభై ఎనిమిదో వంతు

(మన సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. ముప్పై ఏళ్లుగా బాయిలర్లు, పైపులు, వెల్డింగుల మధ్య తిరిగినవాణ్ణి. వాటి గురించి మొదలుపెడితే పది నిమిషాల్లో సగం హాలు టీ కోసం బయటికి వెళ్తుంది. అందుకే, ఉద్యోగం సంగతి వద్దు, రాత్రిపూట నా బల్ల మీద చేసే పని గురించి చెప్తానన్నాను. ఇదిగో, ఈ అద్దాల పెట్టెలో ఉన్నది ఆ పనే.

ఇది స్పిట్‌ఫైర్ మార్క్ 1. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన ఫైటర్ విమానం. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. అసలు దానికి ఒక రెక్క చివర నుంచి రెండో రెక్క చివరి దాకా 11.23 మీటర్లు. ఇక్కడ 23 సెంటీమీటర్ల పైచిలుకు. ముక్కు నుంచి తోక దాకా 9.12 మీటర్లు. ఇక్కడ 19 సెంటీమీటర్లు.

ఇది నేను చేసిన రెండో స్పిట్‌ఫైర్. మొదటిదాన్ని రెండేళ్ల కింద ఇదే బళ్లో, సైన్స్ ఎగ్జిబిషన్‌లో చూపించాను. ఆ రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు కొన్ని ప్రశ్నలు అడిగింది. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. ఈ రెండో విమానం ఆ ప్రశ్నల వల్ల పుట్టింది.

ముందు మొదటిదాని సంగతి చెప్తాను. 2020లో అందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను. కిట్ అట్టపెట్టెలో వస్తుంది. విప్పితే ప్లాస్టిక్ చట్రాలు, వాటికి పిందెల్లా వేలాడే నూరు పైగా ముక్కలు, ఒక పారదర్శకమైన ముక్క, నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల కాగితం, సూచనల పుస్తకం. చిన్నప్పుడు గల్ఫ్ నుంచి వచ్చిన మా బాబాయి ఇలాంటిదే ఒకటి తెచ్చిస్తే ఒక్క సాయంత్రంలో చేసేశాను. జిగురు ట్యూబు మొత్తం పిండాను. విమానం ఎగరలేదు కానీ నా వేళ్లు మాత్రం ఒకదానికొకటి అతుక్కున్నాయి. దసరా నాటికి రెక్కలు ఊడిపోయాయి. ఈసారి అలా కాకూడదని పట్టుబట్టాను.

మొదటి పని, చట్రాలను సబ్బునీళ్లలో కడగడం. అచ్చులోంచి ముక్క సులువుగా ఊడి రావడానికి వాడిన జిడ్డు దాని మీద ఉండిపోతుంది. కడగకపోతే రంగు పట్టదు. మన డ్రాయింగ్ సార్ గుర్తున్నారు కదా, పెన్సిల్ చెక్కి చూపించందే కాగితం ఇచ్చేవారు కాదు. చట్రాలు కడుగుతుంటే ఆయన పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

తర్వాత పైలట్ కూర్చునే చోటు, అంటే కాక్‌పిట్. దీన్ని ముందే పూర్తి చేసి, రంగు వేసి, ఆ తర్వాతే విమానం పొట్ట రెండు సగాలను మూయాలి. లోపలంతా బూడిద కలిసిన ఆకుపచ్చ. గడియారాల పలక, చివర గుండ్రని పిడి ఉన్న నియంత్రణ కడ్డీ, సీటు, సీటు బెల్టులు. బెల్టులు కిట్‌లో లేవు. మాస్కింగ్ టేపును నూలుపోగంత సన్నగా కోసి చేశాను. అన్నీ పెట్టి, రెండు సగాలు మూస్తే, చేసిందాంట్లో ముప్పాతిక వంతు కనబడదు. "కనబడనిదానికి పది రోజులెందుకు?" అని మా ఆవిడ అడిగింది. వెల్డింగ్ లోపలి పొర కూడా కనబడదు, కానీ ప్రెషర్ ఎక్కినప్పుడు చెప్పేది అదే అన్నాను. ఈ మాట గొప్పగానే ఉంది కానీ, ఆ పది రోజుల్లో నేనూ ఆ సీటును ఒక ముక్కగానే చూశాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండు సగాలు కలిసిన చోట గీత మిగులుతుంది. అసలు విమానం మీద అలాంటి గీత ఉండదు. దానికి పుట్టీ పెట్టి, ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దాలి. ముందు 400 నంబరు, తర్వాత 800, ఆ తర్వాత 1000. కంటికి పోయినట్టే ఉంటుంది. ప్రైమర్ పూత వేయగానే మళ్లీ బయటపడుతుంది. మేం వెల్డింగ్ మీద ఎర్ర డై పూసి పగులు వెతికినట్టే ఇదీ. నాకు ఆ గీత నాలుగుసార్లు బయటపడింది.

రెక్కలు పైకి కాస్త వాలి ఉంటాయి, ఒక్కోటి 6 డిగ్రీలు. ఆ కోణంలో అట్టముక్క కోసి, జిగురు ఆరేదాకా దాని మీద ఆనించాలి. నేను కంటి అంచనాను నమ్మాను. పొద్దున చూస్తే ఎడమ రెక్క అలిగినట్టు కిందికి దిగి ఉంది. విరగ్గొట్టి మళ్లీ అతికించాను. ఇక పైలట్ తల మీద ఉండే పారదర్శకమైన కప్పును తొందరపడి సూపర్ గ్లూతో అంటించాను. ఆ జిగురు ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద పేరుకుని తెల్లగా మంచు పట్టినట్టు చేస్తుంది. పది రోజుల కాక్‌పిట్ పొగమంచు వెనక్కి పోయింది. పిల్లలూ, ఇలాంటి చోట మీరు బళ్లో వాడే తెల్ల గమ్మే మంచిది. ఆరాక పారదర్శకమవుతుంది, ఆవిరి రాదు.

రంగుల్లో ఇంజనీరుకు నచ్చే లెక్క ఒకటుంది. నా ఎయిర్ బ్రష్ వేసే పూత మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అనుకుందాం. దాన్ని 48 రెట్లు చేస్తే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. అసలు విమానం మీద అంత మందాన రంగు ఉంటుందా? గోడకు సున్నం వేసినట్టుంటుంది. అందుకే పల్చటి పొరలు, ఒకదాని మీద ఒకటి. బరువు లెక్క ఇంకా చిత్రం. పొడవు 48వ వంతు అయితే బరువు 48ని మూడుసార్లు గుణించినంత వంతు కావాలి, అంటే 1,10,592వ వంతు. సుమారు 2,600 కిలోల స్పిట్‌ఫైర్ ఈ లెక్కన 24 గ్రాములు తూగాలి. మా వంటింటి త్రాసులో నా విమానం 60 గ్రాములు దాటింది. అన్నీ ఒకే వంతులో చిన్నవి కావు. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

కింది భాగానికి లేత ఆకుపచ్చ కలిసిన రంగు. దాని పేరు స్కై. 1940 జూన్ నుంచి బ్రిటిష్ ఫైటర్లకు ఈ రంగు వేశారు. అంతకు ముందు ఒక రెక్క అడుగున నలుపు, ఇంకో రెక్క అడుగున తెలుపు ఉండేవి, కింద ఉన్న తమ ఫిరంగులవాళ్లు గుర్తుపట్టడానికి. పైభాగాన మట్టిరంగు, దాని మీద ముదురాకుపచ్చ పట్టీలు. పైనుంచి చూసే శత్రువుకు పొలాల్లో కలిసిపోవాలని. మెరిసే వార్నిష్ వేసి, గుర్తులు అంటించి, మళ్లీ మెరుపు పోయే వార్నిష్ వేయాలి. గరుకు రంగు మీద నేరుగా అంటిస్తే గుర్తు కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

చివరిది, విమానాన్ని వాడినట్టు కనబడేలా చేయడం. మాలో చాలామందికి ఇష్టమైన పని ఇదే. స్పిట్‌ఫైర్ మార్క్ 1 రెక్కల్లో మొత్తం ఎనిమిది బ్రౌనింగ్ మెషీన్‌గన్లు. వాటి రంధ్రాల మీద ఎర్రటి గుడ్డ పట్టీలు అంటించేవారు, దుమ్ము, తేమ లోపలికి పోయి పైన చలికి గన్లు గడ్డకట్టకుండా. కాల్చగానే తూటాలు ఆ గుడ్డను చింపుకుని పోతాయి. కాబట్టి పట్టీలు నిండుగా ఉంటే ఆ విమానం ఇంకా కాల్చలేదని అర్థం. చిరిగి, రెక్క అడుగున మసి చారలుంటే కాల్చి వచ్చిందని అర్థం. మసి ఉంటే చూడ్డానికి బాగుంటుంది. నేను సూదితో పట్టీలు చింపి, నల్ల చాక్‌పొడి రుద్ది, చారలు దిద్దాను. నాలుగు నెలల పని అయింది. ఫొటోలు తీసి బంధువులందరికీ పంపాను.

దాన్నే ఎగ్జిబిషన్‌కు తెచ్చాను. పిల్లలు మూగారు. నేను రివెట్లు, రంగులు, కోణాలు చెప్పుకుంటూ పోతున్నాను. ఆ అమ్మాయి వంగి రెక్క అడుగు చూసింది.

"ఈ నలుపేంటి సార్?"

"గన్లు పేల్చాక వచ్చిన మసి అమ్మా."

"ఎవరి మీద పేల్చారు?"

"జర్మన్ విమానాల మీద."

"వాళ్లు ఏమయ్యారు? ఇది నడిపినాయన పేరేంటి సార్? ఆయన మళ్లీ ఇంటికి పోయాడా?"

"ఇది బొమ్మ కదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తల ఊపి పక్క బల్లకు వెళ్లింది. అక్కడ ఎవరో నిమ్మకాయతో బల్బు వెలిగిస్తున్నారు. నేను చెప్పింది జవాబు కాదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. మసిని అంత జాగ్రత్తగా దిద్దినవాణ్ణి. అది ఎవరి మీద పేల్చిన మసి అని ఒక్క పూట కూడా అనుకోలేదు. కిట్‌లో ఇచ్చిన గుర్తులు అంటించాను, అవి ఎవరివో చదవలేదు.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. వెతుకుతుంటే మన పేరే ఎదురైంది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పూర్తి పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. ఆ దళం చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. దాని కింద నినాదం, నమ్మకమైన మిత్రుడు అని. బ్రిటిష్ వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదు కూడా అదే. మొదటి ప్రపంచ యుద్ధంలోనే 110వ స్క్వాడ్రన్‌కు నిజాం విమానాలు ఇచ్చారు. రెండో యుద్ధంలో హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్ పేరులో కూడా హైదరాబాద్ రాజ్యం ఉంది. నేను పుట్టి పెరిగింది ఈ నేల మీద, ఇన్నేళ్లు చదువుకున్నాను, ఈ సంగతి నాకు తెలియదు. ఆ డబ్బు ఖజానాదైనా, నిజాం సొంతమైనా, చివరికి ఈ నేల రాబడిలోంచి వచ్చిందే. మన తాతలు కట్టిన పన్నులో ఒక పైసో, అర పైసో ఇంగ్లండు ఆకాశంలో ఎగిరిందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. వాళ్లను ఎవరూ అడిగి ఉండరు కూడా. అది గర్వపడాల్సిన విషయమా, బాధపడాల్సిన విషయమా అని చాలా రోజులు ఆలోచించాను. ఇప్పటికీ ఒక పక్కకు తేల్చుకోలేదు.

1940 జూలైలో ఈ దళం ఇంగ్లండు దక్షిణాన డోర్సెట్‌లోని వామ్‌వెల్ అనే గడ్డి మైదానానికి చేరింది. దగ్గర్లోని పోర్ట్‌లండ్ నౌకా స్థావరాన్ని కాపాడటం పని. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అని మనం పుస్తకాల్లో చదివేది ఆ సంవత్సరం జూలై 10 నుంచి అక్టోబర్ 31 దాకా జరిగిన పోరాటం. బ్రిటన్ తరఫున ఎగిరినవాళ్లు దాదాపు 2,900 మంది. వాళ్లలో 544 మంది ఆ పోరాటంలోనే పోయారు. అవతల పోయిన జర్మన్లు ఇంకా ఎక్కువ. వాళ్లలోనూ చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే.

ఈ దళంలో ఎరిక్ మార్స్ అనే పైలట్ ఉన్నాడు. 1921లో పుట్టాడు. చూడ్డానికి మరీ చిన్నపిల్లాడిలా ఉండేవాడని తోటివాళ్లు "బాయ్" అని పిలిచేవారు. పోరాటం మొదలైనప్పుడు అతనికి పంతొమ్మిదేళ్లు. ఇంటర్ అయిపోయి కాలేజీలో చేరిన మన పిల్లల వయసు. తండ్రికి రాసిన ఉత్తరాలు మిగిలాయి. ఆ పోరాటం నుంచి బతికి బయటపడ్డాడు. మరుసటి ఏడు, 1941 జూలైలో, ఫ్రాన్స్ తీరంలోని బ్రెస్ట్ మీదికి బాంబర్లకు తోడుగా వెళ్లి తిరిగి రాలేదు. ఇరవై నిండి రెండు వారాలే అయింది.

ఇదంతా చదివాక రెండో కిట్ తెప్పించాను. పని అదే, చట్రాలు కడగడం దగ్గర నుంచి. కానీ ఈసారి ప్రతి ముక్క దగ్గరా ఒక ప్రశ్న వేసుకున్నాను.

ఉదాహరణకు, ఇంజనుకూ పైలట్‌కూ మధ్య ఉన్న ఈ చోటు. నా మోడల్ మీద బొటనవేలు అడ్డం పెడితే దాదాపు మూసుకుపోతుంది. మొదటిసారి దాని మీద రంగు సాఫీగా వచ్చిందా లేదా అనే చూశాను. అసలు విమానంలో అక్కడున్నవి పెట్రోల్ ట్యాంకులు. రెండూ కలిపి 85 గ్యాలన్లు, అంటే 380 లీటర్ల పైనే. పైలట్ మోకాళ్ల ముందు అంత పెట్రోలు. తూటా తగిలి అంటుకుంటే మంట నేరుగా మొహానికి, చేతులకు వచ్చేది. అలా కాలిన కుర్రాళ్లకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో ఆర్చిబాల్డ్ మెకిండో అనే సర్జన్ కొత్త మొహాలు, కొత్త రెప్పలు కుట్టాడు. ప్లాస్టిక్ సర్జరీ ముందుకు సాగడానికి ఆ కుర్రాళ్ల కాలిన చర్మం ఒక కారణం.

ఇంజను ముక్క కూడా అంతే. అప్పటి మెర్లిన్ ఇంజను, ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే పెట్రోలు అందక తడబడేది. జర్మన్ విమానాలకు ఆ ఇబ్బంది లేదు. వెంటపడే బ్రిటిష్ పైలట్ ముందు బోర్లా తిరిగి, తర్వాత కిందికి దూకాల్సి వచ్చేది. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీర్ పెట్రోలు దారిలో చిన్న రంధ్రం ఉన్న లోహపు ముక్క పెట్టి ఆ లోపాన్ని చాలావరకు తగ్గించింది. నా మోడల్ 1940 నాటిది, కాబట్టి ఇందులో ఆ ముక్క లేని ఇంజనే. అమ్మాయిలూ, ఆమె పేరు రాసుకోండి.

గన్ల సంగతి. ఒక్కో దానికి 300 తూటాలు. మీట నొక్కి పట్టుకుంటే మొత్తం 15 సెకన్లలో అయిపోతాయి. నేను ఇందాక ఒక వాక్యం చెప్పడానికి పట్టినంత సేపు. ఆ తర్వాత ఇంటికి పరుగెత్తడమే.

ఇందాక అన్నీ ఒకే వంతులో చిన్నవి కావని చెప్పాను. పొడవు 48వ వంతుకు దిగుతుంది. బరువు ఇంకా తగ్గుతుంది. భయం, మంట, ఇంటి దగ్గర తంతి కోసం ఎదురుచూసే తల్లి, ఇవి అసలే రావు. అందుకే చిన్న విమానం అంత ముద్దుగా ఉంటుంది. చెయ్యి కాలే భాగమంతా తీసేశాక మిగిలిన అందం అది. ఆ అందం అబద్ధం కాదు. స్పిట్‌ఫైర్ గీసిన మిచెల్ గొప్ప ఇంజనీరు, ఆ రెక్క వంపు చూస్తే ఇప్పటికీ నా గుండె కాస్త ఆగుతుంది. 1936 మార్చి 5న అది మొదటిసారి ఎగిరితే, మరుసటి ఏడే ఆయన క్యాన్సర్‌తో పోయాడు. కానీ ఆ అందం సగం సంగతి మాత్రమే. మిగతా సగం చెప్పకుండా దీన్ని పిల్లల ముందు పెట్టకూడదని నాకు ఆ అమ్మాయి నేర్పింది.

రంగులయ్యాక మళ్లీ అదే చోటికి వచ్చాను. ఎర్ర పట్టీలు. చింపాలా, ఉంచాలా? చేతిలో సూది పట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. చివరికి ఉంచాను. దగ్గరికి వచ్చి చూడండి, ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. మసి లేదు. పొట్ట మీద 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ అక్షరాలు, యూఎం. పైకప్పు వెనక్కి జరిపి ఉంది, ఈసారి తెల్ల గమ్‌తోనే అంటించాను. లోపల బెల్టులు సీటు అంచుల మీదికి వేలాడుతున్నాయి. సీటు ఖాళీ. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఇంకా ఎక్కలేదు. ఇంకా ఎవరూ ఎవరినీ కాల్చలేదు. అక్కడిదాకా చేసి ఆపాను.

మొదటి విమానం ఇంట్లోనే ఉంది. దాని మసి తుడవలేదు, నాకు గుర్తుండటం కోసం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోందని టీచర్ గారు చెప్పారు. వీలైతే ఈ మాట తనకు చేర్చండి: అమ్మా, ఇలాంటి విమానం నడిపిన ఒకాయన పేరు ఎరిక్ మార్స్. ఇంటికి పోలేదు. ఆయన కూల్చిన విమానాల్లోని కొందరు కూడా పోలేదు. నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది, రెండేళ్లు ఆలస్యమైంది.

సంఘం అనుమతిస్తే ఈ పెట్టెను బడి సైన్స్ ల్యాబ్‌కు ఇస్తున్నాను. యుద్ధ విమానం బళ్లో ఎందుకని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పెట్టె పక్కన ఒక కార్డు పెట్టాను. కొలతలు, ఇంజను, రంగులు ఒక వైపు. ఈ దళానికి మన ఊరి పేరు ఎలా వచ్చింది, నడిపినవాళ్ల వయసు ఎంత, వాళ్లు ఏమయ్యారు, ఎదుటివాళ్లు ఏమయ్యారు అనేది రెండో వైపు. రెండు వైపులూ చదివించండి. ఒక వైపే చదివిస్తే మాత్రం పెట్టెను నాకు తిరిగి పంపేయండి.

ల్యాబ్ అటెండర్ గారికి ఒక మనవి. దుమ్ము గుడ్డతో తుడవకండి, యాంటెనా తీగ తెగుతుంది. అది సాగదీసిన ప్లాస్టిక్ పోగు, వెంట్రుకంత ఉంటుంది. మెత్తటి కుంచె ఒకటి పెట్టె అడుగున పెట్టాను, దాంతో దులపండి.

 టీ చల్లారకముందే ముగిస్తున్నాను. సెలవు.